పుట్టిన చోటా, తల్లిదండ్రుల హోదానా? అమెరికా న్యాయాచార్యుల వివాదంపై పాఠకుల ప్రశ్నలు

తల్లిదండ్రుల్లో ఒకరైనా అమెరికా పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవారో కాకపోతే అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం ఉండదంటూ 2025 జనవరి 20న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 14160వ కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేశారు. దానిపై వచ్చిన కేసును డిసెంబర్ 5న అమెరికా సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది. కోర్టుల్లో వాదనలతో పాటు అక్కడి న్యాయశాస్త్ర ఆచార్యుల మధ్య కూడా తీవ్రమైన వాదప్రతివాదాలు నడుస్తున్నాయి. వాటి గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు టెక్సాస్‌లో హెచ్-1బీ వీసాల మీద చాలా ఏళ్లుగా ఉద్యోగాలు చేస్తున్నారు. ఏప్రిల్‌లో అమ్మాయికి కాన్పు. ఈ విషయంలో పెద్ద విశ్వవిద్యాలయాల ప్రొఫెసర్లే రెండుగా చీలిపోయారని చదివి దిగులుగా ఉంది. అంత చదువుకున్నవాళ్లే తేల్చలేకపోతున్నారంటే రాజ్యాంగంలోనే సందేహం ఉన్నట్టు కాదా? (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: అమ్మా, ముందుగా మీ దిగులుకు సంబంధించిన మాట చెబుతాను. ఈ జవాబు రాసే నాటికి ఆ ఉత్తర్వు అమల్లో లేదు. జారీ అయిన మూడు రోజులకే, జనవరి 23న, సియాటిల్‌లో ఫెడరల్ జడ్జి జాన్ కోగెనర్ అది రాజ్యాంగానికి విరుద్ధమని బాహాటంగా చెప్పి నిలిపివేశారు. తర్వాత జూలై 10న న్యూహాంప్‌షైర్‌లో జడ్జి జోసెఫ్ లాప్లాంట్, ఆ ఉత్తర్వు పరిధిలోకి వచ్చే పిల్లలందరినీ ఒకే వర్గంగా గుర్తించి వారందరికీ రక్షణ కల్పించారు. కాబట్టి ఇది రాసే నాటికి టెక్సాస్‌లో పుట్టే బిడ్డకు జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు ఇచ్చే పద్ధతి మునుపటిలాగే ఉంది.

ఇక ఆచార్యులు చీలిపోయారన్న మాట. చీలిక ఉన్నది నిజమే గాని రెండు వైపులా సమానంగా నిలబడ్డారని అనుకుంటే అది పొరపాటు. ఎవరు ఏమంటున్నారో చూడకుండా ఆ తేడా తెలియదు కనుక కొంచెం వివరంగా చెప్పాలి.

1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు నల్లజాతివారు ఆ దేశ పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. అంతర్యుద్ధం ముగిశాక ఆ తీర్పును శాశ్వతంగా తుడిచిపెట్టడానికి 1868 జూలై 9న పద్నాలుగో సవరణ ఆమోదం పొందింది. అమెరికాలో పుట్టి, ఆ దేశ అధికార పరిధికి లోబడి ఉన్న వారందరూ పౌరులేనన్నది దాని మొదటి వాక్యం. వివాదమంతా ఆ వాక్యంలోని 'అధికార పరిధికి లోబడి' అన్న షరతు ఎవరిని బయట ఉంచడానికి పెట్టారన్న దాని మీదే నడుస్తోంది. దీనికి 1898 మార్చి 28న సుప్రీంకోర్టు ఒక జవాబు ఇచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1873లో చైనీయ తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ 1894లో చైనా వెళ్లి 1895లో తిరిగి వస్తే అధికారులు ఓడ దిగనివ్వలేదు. చైనీయుల వలసను నిషేధించిన రోజులవి; వారు అమెరికా పౌరులుగా మారే దారి కూడా అప్పట్లో మూసి ఉంది. అయినా ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరోవైపు ఉండగా, జస్టిస్ హోరేస్ గ్రే రాసిన తీర్పు అతను పుట్టుకతోనే పౌరుడని తేల్చింది. విదేశీ రాయబారుల పిల్లలు, దండెత్తి వచ్చి ఆక్రమించిన శత్రుసేనల పిల్లలు, తమ సొంత పాలనలో ఉన్న ఆదివాసీ తెగల పిల్లలు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఇక్కడ పుట్టిన ప్రతి ఒక్కరూ పౌరులేనని ఆ తీర్పు సారాంశం.

ఈ అవగాహనను ప్రశ్నించిన మొదటి గట్టి పుస్తకం 1985లో వచ్చింది. యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న పీటర్ షుక్, రోజర్స్ స్మిత్ అందులో, పౌరసత్వానికి వ్యక్తి అంగీకారంతో పాటు సమాజపు అంగీకారం కూడా ఉండాలని, అనుమతి లేకుండా వచ్చినవారి పిల్లల విషయం రాజ్యాంగం తేల్చలేదు గనుక కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, తేల్చుకోవచ్చునని వాదించారు. కాంగ్రెస్ అన్నారే గాని, ఒక అధ్యక్షుడు సంతకంతో తేల్చవచ్చని వారు అనలేదన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి. తర్వాత చాలా ఏళ్లు ఆ వాదం పెద్దగా ముందుకు సాగలేదు. ఉత్తర్వు వచ్చిన కొద్ది వారాలకే, 2025 ఫిబ్రవరిలో, జార్జ్‌టౌన్ ఆచార్యుడు రాండీ బార్నెట్, మిన్నెసోటా ఆచార్యుడు ఇలాన్ వుర్మన్ కలిసి న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. పౌరసత్వానికి మూలం విధేయత, రక్షణల పరస్పర మార్పిడి అని, చట్టాన్ని ఉల్లంఘించి ప్రవేశించినవారు ఆ మార్పిడిలో భాగస్వాములు కారని వారి వాదన. రిచ్‌మండ్ ఆచార్యుడు కర్ట్ లాష్ కూడా విధేయత ఆధారంగానే మరో సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు.

మీ ఇంటి సంగతికి వస్తే, బార్నెట్, వుర్మన్‌ల వ్యాసం ప్రధానంగా చట్టవిరుద్ధంగా ప్రవేశించినవారి గురించే. మీ అమ్మాయి, అల్లుడు వీసాతో వెళ్లి, పన్నులు కడుతూ, అక్కడి చట్టాలకు లోబడి ఉంటున్నవారు. వారిని కూడా బయట ఉంచడానికి ప్రభుత్వం శాశ్వత నివాసం అన్న భావనను ఆశ్రయిస్తోంది. వాంగ్ తల్లిదండ్రులు అక్కడ స్థిరనివాసం ఉన్నారని పాత తీర్పులో పదేపదే రాసి ఉండటం దీనికి ఆధారం. అయితే సవరణ వాక్యంలో నివాసం ప్రస్తావన ఎక్కడా లేదు. పైగా పంతొమ్మిదో శతాబ్దపు న్యాయసూత్రాల ప్రకారం ఒకచోట ఉండిపోవాలన్న ఉద్దేశంతో ఉంటే అది స్థిరనివాసమే అవుతుంది గనుక, ఆ కొలతతో చూసినా గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాలు లోపలే ఉంటాయి. ఈ మాట పుట్టిన చోటే ప్రమాణమన్న సంప్రదాయ అర్థాన్ని సమర్థించేవారు గట్టిగా చెబుతున్నారు. నాకూ ఇది బలమైన వాదనగానే తోస్తోంది.

సంప్రదాయ అర్థం వైపు నిలిచినవారిలో ఉదారవాదులే కాదు, సంప్రదాయవాదులూ ఉన్నారు. యేల్ ఆచార్యుడు అఖిల్ అమర్ ఒకవైపు నుంచి వస్తే, శాండియేగో ఆచార్యుడు మైకేల్ రామ్సే, యేల్‌లో ఉన్న కీత్ విటింగ్టన్, బుష్ ప్రభుత్వంలో పనిచేసిన జాన్ యూ మరోవైపు నుంచి వచ్చి అదే చోట కలిశారు. చర్చ జరుగుతోందంటే సందేహం ఉన్నట్టేనని దయచేసి అనుకోకండి. కొన్ని చర్చలు ప్రశ్న క్లిష్టమైనది కావడం వల్ల పుడతాయి. కొన్ని మాత్రం అధికారంలో ఉన్నవారు ఆ ప్రశ్న వేయడం వల్ల పుడతాయి. ఈ చర్చ ఎక్కువగా రెండో రకానికి చెందినదని నా అభిప్రాయం.

ప్రశ్న: రాజ్యాంగ వాక్యానికి అది ఆమోదం పొందిన నాటి అర్థమే ప్రమాణమని చెప్పే ఒరిజినలిస్టులే ఈ వివాదంలో రెండు వైపులా ఉన్నారు. పద్ధతి ఒకటే, వాక్యం ఒకటే అయినప్పుడు ఫలితాలు ఇంత విరుద్ధంగా ఎలా వస్తాయి? (న్యాయ విద్యార్థి, వరంగల్)

జవాబు: ఒరిజినలిజం ఏ కాలానికి వెళ్లి వెతకాలో చెబుతుంది. అక్కడికి వెళ్లాక ఏ ఆధారానికి ఎంత విలువ ఇవ్వాలో మాత్రం పరిశోధకుడి వివేకానికే వదిలేస్తుంది. విభేదాలన్నీ ఆ రెండో మెట్టు దగ్గరే పుడుతున్నాయి. ఈ వివాదంలో మూడు ఆధారాల చుట్టూ పోరు నడుస్తోంది.

మొదటిది 1608 నాటి ఇంగ్లండు తీర్పు, కాల్విన్ కేసు. ఇంగ్లండు సింహాసనాన్ని స్కాట్లండు రాజు జేమ్స్ అధిష్ఠించాక స్కాట్లండులో పుట్టిన రాబర్ట్ కాల్విన్ ఇంగ్లండులో పరాయివాడా కాడా అన్నది అందులోని ప్రశ్న. రాజు రక్షణలో పుట్టినవాడు రాజుకు విధేయుడేనని తీర్పు వచ్చింది. రక్షణకు బదులుగా విధేయత అన్న సూత్రాన్ని వుర్మన్ ఇక్కడి నుంచే తీసుకుని, అనుమతి లేకుండా వచ్చినవాడికి రాజు రక్షణ మాట ఇవ్వలేదు కదా అని అడుగుతున్నారు. విమర్శకుల జవాబు ఇది: ఇంగ్లండు ఉమ్మడి న్యాయంలో శాంతియుతంగా రాజ్యంలో ఉన్న ప్రతి విదేశీయుడికీ తాత్కాలికమైన, స్థానికమైన విధేయత ఉంటుంది, దాన్ని మీరితే అతన్ని రాజద్రోహం కింద కూడా విచారించవచ్చు. నేరం చేసినవాణ్ణి శిక్షించగలుగుతున్నామంటే అతను చట్టానికి లోబడి ఉన్నట్టే కదా అని వారి వాదన.

రెండో ఆధారం 1866లో సెనేట్‌లో జరిగిన చర్చ. మే 30న సెనేటర్ జాకబ్ హోవార్డ్ ఆ వాక్యాన్ని ప్రవేశపెట్టినప్పుడు, పెన్సిల్వేనియా సెనేటర్ ఎడ్గార్ కోవన్ లేచి, చైనీయుల పిల్లలు, జిప్సీల పిల్లలు కూడా పౌరులైపోతారా అని అభ్యంతరం చెప్పారు. చైనీయులు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియా సెనేటర్ జాన్ కానెస్ జవాబిస్తూ అవును, అవుతారు, అది సరైనదేనన్నారు. సవరణను ఎదిరించినవారికీ సమర్థించినవారికీ ఆ వాక్యం ఏం చేస్తుందన్న విషయంలో భేదం లేదు. అలా చేయడం మంచిదా కాదా అన్నదే వారి మధ్య తేడా. ఒక చట్టాన్ని వ్యతిరేకించినవాడు, ప్రతిపాదించినవాడు ఒకే అర్థాన్ని ఒప్పుకున్నప్పుడు అంతకు మించిన సాక్ష్యం చరిత్రలో అరుదుగా దొరుకుతుంది. ఇక కొత్త వాదం చేసేవారు సెనేటర్ లైమన్ ట్రంబుల్ వేరేవారికి విధేయులు కాకుండా ఉండటం గురించి అన్న మాటలను ముందు పెడతారు. అయితే ఆ మాటలు ఆదివాసీ తెగల మీద జరిగిన చర్చలోవని గుర్తుంచుకోవాలి. అమెరికాతో ఒప్పందాలు చేసుకుని తమను తామే పాలించుకునే రాజకీయ సమాజాలుగా ఆ తెగలను అప్పట్లో చూసేవారు. అందుకే వారికి మినహాయింపు వచ్చిందని, దాన్ని వలస వచ్చిన కుటుంబాలకు అతికించడం చరిత్రకు సరిపడదని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు గ్రెగరీ అబ్లావ్‌స్కీ, ఆదివాసీ చట్టాల నిపుణురాలు బెథనీ బెర్గర్ 2025లో రాసిన వ్యాసంలో చూపారు.

మూడోది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన ఆధారం. 1868లో అక్రమ వలసదారులే లేరు, వారిని గురించి సవరణ రాసినవారు ఆలోచించి ఉండరు అన్న మాట చాలాకాలంగా వాడుకలో ఉంది. గాబ్రియెల్ చిన్, పాల్ ఫింకెల్‌మన్ 2021లో ఒక వ్యాసంలో దీన్ని తిరగదోడారు. 1808 జనవరి 1 నుంచి విదేశాల నుంచి బానిసలను తీసుకురావడం అమెరికాలో నిషేధం. అయినా దొంగతనంగా తెస్తూనే ఉన్నారు. 1860లో క్లోటిల్డా అనే ఓడ అలబామాలోని మొబీల్ తీరానికి దాదాపు 110 మంది ఆఫ్రికన్లను రహస్యంగా చేర్చింది, ఆనవాలు దొరకకుండా ఉండేందుకు ఆ ఓడను తగలబెట్టారు. చట్టం దృష్టిలో వారు దేశంలో ఉండకూడని మనుషులు. వారిలో బతికి బట్టకట్టినవారు తర్వాత ఆఫ్రికాటౌన్ అనే ఊరు కట్టుకున్నారు. అలా చట్టవిరుద్ధంగా వచ్చినవారి బిడ్డలను పద్నాలుగో సవరణ వేరుచేసి బయట పెట్టలేదు, అలాంటి కుటుంబాలకు పౌరసత్వం ఇవ్వడం దాని ప్రధాన ప్రయోజనాల్లోనే ఉంది. వారిని బలవంతంగా తెచ్చారు గాని వారంతట వారు రాలేదు కదా అని అవతలివారు అనవచ్చు. అనుమతి లేని రాకను రాజ్యాంగం దృష్టిలో పౌరసత్వానికి అడ్డంకిగా భావించి ఉంటే ఆ తేడాను సవరణలో రాసి ఉండాల్సింది. సవరణ రాసినవారు ఆ పని చేయలేదు.

ఇలా ఆధారాలను ఒక్కొక్కటిగా తూచిన ఒరిజినలిస్టు మైకేల్ రామ్సే. ఉత్తర్వు రావడానికి ఐదేళ్ల ముందే, 2020లో, జార్జ్‌టౌన్ లా జర్నల్‌లో రాసిన వ్యాసంలో ఆయన తాత్కాలికంగా వచ్చినవారి పిల్లలకు, అనుమతి లేకుండా వచ్చినవారి పిల్లలకు కూడా పౌరసత్వం వర్తిస్తుందని తేల్చారు. ఏ పక్షం గెలవాలన్న ఒత్తిడి లేని రోజుల్లో రాసిన వ్యాసం కనుక దానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. 2006లో జేమ్స్ హో కూడా ఇదే వైపు రాశారు. ఆయన తర్వాతి కాలంలో ట్రంప్ నియమించిన ఫెడరల్ అప్పీళ్ల కోర్టు జడ్జి అయ్యారు.

ప్రశ్న: ఇలాంటి వ్యాసాలను అచ్చువేసే లా రివ్యూలను అమెరికాలో విద్యార్థులే నడుపుతారట, నిజమేనా? మరి వాటిలోని చరిత్రను ఎవరు సరిచూస్తారు? (కళాశాల అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: నిజమే. 1887లో మొదలైన హార్వర్డ్ లా రివ్యూ మొదలుకొని అక్కడి న్యాయ పత్రికల్లో ఎక్కువ భాగం న్యాయ విద్యార్థుల సంపాదకత్వంలోనే వెలువడతాయి. రసాయనశాస్త్రంలోనో వైద్యంలోనో ఉన్నట్టు అదే రంగానికి చెందిన నిపుణులు ముందుగా పరిశీలించే ఏర్పాటు వాటిలో చాలావాటికి ఉండదు. లా అండ్ హిస్టరీ రివ్యూ వంటి కొన్ని పత్రికలు మాత్రం దీనికి మినహాయింపు. విద్యార్థి సంపాదకులు ప్రతి అధోజ్ఞాపికనూ (ఫుట్‌నోట్‌నూ) మూలంతో సరిపోల్చి చూస్తారు, ఆ శ్రద్ధను తక్కువ చేయలేం. కాని ఒక ఉటంకింపు సరిగ్గా ఉందా అని చూడటం వేరు, 1608 నాటి తీర్పును ఆ కాలపు న్యాయవాదులు ఎలా అర్థం చేసుకున్నారో తెలిసి ఉండటం వేరు.

ఇంకో సంగతి. వ్యాసం అచ్చులో రావడానికి ఎన్నో నెలల ముందే ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్ అనే అంతర్జాల భాండాగారంలో పెట్టేస్తారు. పత్రికల్లో వార్తలు, కోర్టు పత్రాల్లో ప్రస్తావనలు ఆ దశలోనే మొదలవుతాయి. అసలైన పరిశీలన, అంటే తోటి పండితుల విమర్శ, ఆ తర్వాత వస్తుంది. సాధారణ కాలంలో ఇది ఇబ్బంది కాదు గాని, కొద్ది వారాల్లో కోర్టు తేల్చాల్సిన విషయంలో విమర్శ కంటే ముందు వ్యాసమే న్యాయమూర్తి బల్ల మీదికి చేరితే అది ప్రమాదమే.

అలాగని ఈ పద్ధతి అంతా వ్యర్థమని అనలేను. సామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ 1890లో హార్వర్డ్ లా రివ్యూలో గోప్యతా హక్కు గురించి రాసిన వ్యాసం కూడా విద్యార్థుల పత్రికలోనే వచ్చింది. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు ఆ వ్యాసాన్ని కూడా చర్చించింది.

ప్రశ్న: ప్రొఫెసర్లు వ్యాసాలు రాస్తే నిజంగా తీర్పులు మారతాయా? (పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: కొన్నిసార్లు మారతాయి. మారినప్పుడు ఆ దారి ఎలా ఏర్పడిందో గమనించడం అవసరం.

యేల్ ఆచార్యుడు జాక్ బాల్కిన్ దీనిని చాలాకాలంగా వివరిస్తున్నారు. ఒక వాదన మొదట న్యాయవృత్తిలో ఎవరూ పట్టించుకోనంత అసంబద్ధంగా ఉండవచ్చు. పేరున్న ఆచార్యులు, ఒక రాజకీయ పక్షం, కొందరు జడ్జీలు దాన్ని గంభీరంగా తీసుకున్నట్టు మాట్లాడటం మొదలుపెడితే అది క్రమంగా గౌరవనీయమైన వాదనగా మారుతుంది. ఆయన చూపే ముఖ్య ఉదాహరణల్లో రాండీ బార్నెట్ పేరే ఉంటుంది. ఒబామా ఆరోగ్య బీమా చట్టం వచ్చినప్పుడు, ఏ పనీ చేయకుండా ఊరుకున్నవాణ్ణి బీమా కొనమని కాంగ్రెస్ తన వాణిజ్య అధికారంతో, అంటే రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారంతో, బలవంతపెట్టకూడదని బార్నెట్ వాదిస్తే చాలామంది ఆచార్యులు కొట్టిపారేశారు. 2012లో తీర్పు వచ్చినప్పుడు చట్టాన్ని పన్నుగా చూసి నిలబెట్టారు గాని, వాణిజ్య అధికారం విషయంలో ఐదుగురు న్యాయమూర్తులు బార్నెట్ వాదననే ఒప్పుకున్నారు. అందువల్ల ఆయన మరో విషయంలో కలం పట్టినప్పుడు అమెరికాలో ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. అలాగే 1989లో శాన్‌ఫర్డ్ లెవిన్సన్ ఆయుధాల హక్కు గురించి యేల్ లా జర్నల్‌లో రాసిన వ్యాసం, తర్వాత వచ్చిన ఎందరో పరిశోధకుల రచనలు ఆయుధం ఉంచుకోవడం వ్యక్తి హక్కేనన్న 2008 నాటి హెల్లర్ తీర్పుకు నేల సిద్ధం చేశాయి.

వ్యతిరేక ఉదాహరణ కూడా ఉంది. 2023 ఆగస్టులో విలియం బాడ్, మైకేల్ పాల్సన్ అనే ఇద్దరు సంప్రదాయవాద ఆచార్యులు, రాజ్యాంగాన్ని కాపాడతానని ప్రమాణం చేసి తిరుగుబాటులో పాల్గొన్నవారు మళ్లీ పదవి చేపట్టకూడదన్న పద్నాలుగో సవరణ మూడో సెక్షన్ డొనాల్డ్ ట్రంప్‌కు వర్తిస్తుందని సుదీర్ఘమైన వ్యాసం రాశారు. ట్రంప్‌ను ఇష్టపడని ఉదారవాదులు కాక, సొంత శిబిరంలోని పండితులే ఆ మాట అనడంతో దానికి అసాధారణమైన బరువు వచ్చింది. జాష్ బ్లాక్‌మన్, సేత్ బారెట్ టిల్‌మన్ దానికి ఎదురు వ్యాసం రాశారు. డిసెంబర్ 19న కొలరాడో సుప్రీంకోర్టు నలుగురు, ముగ్గురుగా విడిపోయి ట్రంప్ పేరు పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నిక బ్యాలెట్‌లో ఉండకూడదంది. 2024 మార్చి 4న అమెరికా సుప్రీంకోర్టు ఆ ఫలితాన్ని ఏకగ్రీవంగా రద్దు చేసింది. ఆ సెక్షన్‌ను ఫెడరల్ పదవులకు రాష్ట్రాలు తమంతట తాము అమలు చేయలేవని చెప్పి, తిరుగుబాటులో పాల్గొన్నారా లేదా అన్న ప్రశ్నలోకే వెళ్లలేదు. వ్యాసానికి ఎంత పాండిత్యం ఉన్నా, దేశాన్ని కుదిపే ఫలితానికి దారి తీస్తుందనుకుంటే కోర్టు మరో తలుపు వెతుక్కుంటుంది.

మొదటి ప్రశ్న వేసిన తల్లికి నేరుగా సంబంధించిన ఉదాహరణ మూడోది. ఒక జిల్లా జడ్జి ఇచ్చిన ఆదేశం దావా వేసినవారికే కాక దేశమంతటికీ వర్తించవచ్చా? కూడదని శామ్యూల్ బ్రే 2017లో హార్వర్డ్ లా రివ్యూలో వాదించారు. 1789 నాటి ఇంగ్లండు ఛాన్సరీ కోర్టులకు అలాంటి అధికారం లేదు గనుక అమెరికా ఫెడరల్ కోర్టులకూ లేదన్నది ఆయన సూత్రం. మీలా సోహోనీ అదే పత్రికలో 2020లో జవాబిస్తూ, అలాంటి ఆదేశాలు ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలోనే ఉన్నాయని, చరిత్ర అందరూ అనుకున్నంత ఖాళీగా లేదని చూపారు. 2025 జూన్ 27న ట్రంప్ వర్సెస్ కాసా కేసులో ఆరుగురు న్యాయమూర్తుల పక్షాన జస్టిస్ ఏమీ కోనీ బారెట్ రాసిన తీర్పు బ్రే దారిలోనే నడిచి, ఆయన వ్యాసాన్ని ఉదహరించి, దేశవ్యాప్త నిలుపుదల ఆదేశాలకు చాలావరకు అడ్డుకట్ట వేసింది. ఆ కేసు పుట్టింది పౌరసత్వ ఉత్తర్వు నుంచే అయినా ఉత్తర్వు చెల్లుతుందా లేదా అన్నది అందులో తేల్చలేదు. ఆ తీర్పు మూసిన దారిని తప్పించుకోవడానికే న్యూహాంప్‌షైర్‌లో పిల్లల వర్గం తరఫున దావా వేశారు. ఒక పత్రికా వ్యాసం ఎనిమిదేళ్ల తర్వాత లక్షల కుటుంబాలు ఏ రకమైన దావా వేయాలో నిర్ణయించింది. ఇందుకే ఆచార్యుల వాదాలను ఎక్కడో దూరాన జరిగే పండిత చర్చలని మనం వదిలేయకూడదు.

ప్రశ్న: ఒకే కేసులో వందల మంది ప్రొఫెసర్లు సంతకాలు చేసి కోర్టుకు పత్రాలు ఇస్తున్నారు. ఇది పాండిత్యమా, ఉద్యమమా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీ)

జవాబు: ఇదే ప్రశ్నను 2012లో హార్వర్డ్ ఆచార్యుడు రిచర్డ్ ఫాలన్ తన వృత్తి సోదరులకు వేశారు. కోర్టుకు పండితుల పేరుతో సమర్పించే పత్రాలకు, మనం వ్యాసాలకు పాటించే ప్రమాణాలే పాటిస్తున్నామా, తమకు నైపుణ్యం లేని విషయాల మీద కూడా హోదా చూసి సంతకం పెడుతున్నామా అని ఆయన నిలదీశారు. పౌరసత్వ చరిత్రలో ఇవాళ ప్రముఖురాలైన అమాండా ఫ్రాస్ట్ దానికి జవాబు రాస్తూ, ఏ కక్షిదారు తరఫునా లేని పండితులు తమకు తెలిసిన విషయాన్ని న్యాయమూర్తులకు చెప్పడం ప్రజాహితమేనని, ఫాలన్ పెట్టిన కొలతలు అవసరానికి మించి కఠినమని అన్నారు. నా అభిప్రాయం ఫాలన్‌కు దగ్గరగా ఉంటుంది. నూట యాభై సంతకాల కంటే, ఆ కాలపు పత్రాలు స్వయంగా చదివిన ఇద్దరి పత్రం న్యాయమూర్తికి ఎక్కువ ఉపయోగం. తన సిద్ధాంతానికి అడ్డువచ్చే ఆధారాన్ని కూడా ఆ పత్రంలో చెప్పే ధైర్యం ఉంటేనే పండితుడన్న పేరు దానిమీద ఉండాలి.

ప్రశ్న: ఒకవేళ అమెరికా పౌరసత్వం రాకపోతే ఆ బిడ్డ ఏ దేశం పౌరుడవుతాడు? (విశ్రాంత ఉద్యోగి, గుంటూరు)

జవాబు: తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులైతే 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ కింద వంశక్రమం ద్వారా భారత పౌరసత్వం పొందవచ్చు. అయితే 2004 డిసెంబర్ 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ విషయంలో ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో జననాన్ని నమోదు చేయించాలి, వేరే దేశం పాస్‌పోర్టు లేదని ప్రకటన ఇవ్వాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. మన దేశంలోనూ 1987 జూలై 1కి ముందు పుట్టుక ఒక్కటే చాలేది. ఆ తర్వాత తల్లిదండ్రుల హోదా చూడటం మొదలైంది. కాని మనం దాన్ని పార్లమెంటు చట్టంతో మార్చుకున్నాం. మన రాజ్యాంగం పదకొండో అధికరణంలో ఆ అధికారాన్ని పార్లమెంటుకే ఇచ్చింది. అమెరికాలో సూత్రం రాజ్యాంగ సవరణలోనే ఉంది. భారత్ మార్చుకున్నప్పుడు అమెరికా ఎందుకు మార్చుకోకూడదు అని అడిగేవారు ఈ తేడాను మరచిపోతున్నారు.

ప్రశ్న: మన కోర్టుల మీద ఆచార్యుల ప్రభావం ఇలా ఎప్పుడైనా పడిందా? (న్యాయవాది, కర్నూలు)

జవాబు: పడింది, అదీ మన రాజ్యాంగ చరిత్రలోకెల్లా పెద్ద తీర్పులో. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌కు చెందిన ఆచార్యుడు డీట్రిచ్ కాన్రాడ్ 1965లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, సవరణ అధికారానికి రాజ్యాంగంలోనే అంతర్గతమైన హద్దులు ఉంటాయని ఉపన్యసించారు. ఆ ఆలోచనను సీనియర్ న్యాయవాది ఎం.కె. నంబియార్ గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ముందు వినిపించారు. రాజమహేంద్రవరంలో పుట్టిన మన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 1967లో రాసిన ఆ తీర్పు, వాదనలో బలం ఉందని ఒప్పుకుంటూనే దాన్ని తేల్చాల్సిన అవసరం లేదని పక్కన పెట్టింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో అదే ఆలోచన, రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని సవరణతోనూ మార్చలేరన్న మౌలిక స్వరూప సిద్ధాంతంగా నిలబడింది, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా తన తీర్పులో కాన్రాడ్‌ను ప్రస్తావించారు. మన దగ్గర లోటు ఏమిటంటే, అలాంటి వాదాన్ని వరుసగా ఏళ్ల తరబడి పరీక్షించి, ఎదురు వ్యాసాలు రాసి, తప్పులు ఎత్తిచూపే పత్రికలు, తీరిక ఉన్న అధ్యాపకులు తక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల న్యాయ కళాశాలల్లో బోధన భారం మోస్తున్నవారికి పరిశోధనకు సమయం ఇవ్వకుండా ఈ లోటు తీరదు.

ప్రశ్న: నేను ఎల్ఎల్ఎం పరిశోధనా వ్యాసానికి ఈ వివాదాన్నే ఎంచుకోవాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? (విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: 2025లో వచ్చిన వ్యాసాలతో మొదలుపెట్టకండి. ముందుగా వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పును, అందులోని అసమ్మతి తీర్పును పూర్తిగా చదవండి. ప్రధాన న్యాయమూర్తి ఫుల్లర్ రాసిన ఆ అసమ్మతిలో నేటి కొత్త వాదాల్లో చాలాభాగం అప్పుడే కనిపిస్తుంది, 1898లో అవి ఓడిపోయాయన్న సంగతీ తెలుస్తుంది. తర్వాత 1884 నాటి ఎల్క్ వర్సెస్ విల్కిన్స్ చదవండి. దాన్ని రాసింది కూడా గ్రేనే కాబట్టి, ఆదివాసీ తెగలో పుట్టిన జాన్ ఎల్క్‌కు లేదన్న పౌరసత్వాన్ని పద్నాలుగేళ్ల తర్వాత వాంగ్‌కు ఎందుకు ఉందన్నారో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాత 1866 మే 30 నాటి సెనేట్ చర్చ చదవండి. అది ఉన్న కాంగ్రెషనల్ గ్లోబ్ సంపుటాలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది. కోవన్, కానెస్, హోవార్డ్, ట్రంబుల్ మాటలను వరుసగా మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. అవి పూర్తయ్యాక రామ్సే వ్యాసాన్ని, చిన్, ఫింకెల్‌మన్‌ల వ్యాసాన్ని, వుర్మన్ రచనలను అదే క్రమంలో తీసుకుని, ఒక్కొక్కరు ఆ నలుగురు సెనేటర్ల మాటల్లో దేన్ని ఉటంకించారో, దేన్ని విడిచిపెట్టారో పట్టిక వేయండి. మీ వ్యాసానికి మొదటి అధ్యాయం ఆ పట్టికలోనే దొరుకుతుంది.